"లాగిన్ అవ్వట్లేదు" అంటే అసలు ఏది అవ్వట్లేదు?

వెనకాల వినిపిస్తోందా అండి? ఆ, సరే. స్లైడ్లు పెద్దగా ఏం తేలేదు, ఒకటే స్లైడ్, అది కూడా ఖాళీ లాగిన్ పేజీ ఫోటో. దాన్ని అలా ఉండనివ్వండి, మనం మాట్లాడుకుందాం.

సైట్ నడిపే ప్రతివాడికీ బాగా తెలిసిన మెసేజ్ ఒకటుంది, "లాగిన్ అవ్వట్లేదు". అంతే, రెండే ముక్కలు. ఎప్పటినుంచి, ఏ ఫోన్‌లో, తెరమీద ఏం కనపడుతోంది, ఏమీ ఉండదు. మనం ఏం చేస్తాం, మన లాప్‌టాప్‌లో మన అకౌంట్‌తో ట్రై చేస్తాం, అయిపోతుంది, వెంటనే "నాకు బానే అవుతోందండి, ఒకసారి క్యాషే క్లియర్ చేసి చూడండి" అని పంపేస్తాం. (నవ్వులు) నవ్వుతున్నారంటే పంపినవాళ్ళే అందరూ. నేనూ పంపా, చాలా ఏళ్ళు పంపా.

ఆ తర్వాత నేను అడగడం మొదలుపెట్టింది ఒకటే ప్రశ్న, "బటన్ నొక్కాక ఏం జరిగింది?" అని. దీనికి జవాబులు సుమారు నాలుగే వస్తాయి. పాస్‌వర్డ్ తప్పు అంటోంది అనేది ఒకటి. ఏమీ అనట్లేదు, మళ్ళీ అదే లాగిన్ పేజీ వస్తోంది అనేది రెండోది. లోపలికి వెళ్తున్నా గానీ కాసేపటికి బయటికి తోసేస్తోంది అనేది మూడోది. తెల్ల పేజీ, ఏదో నెంబర్ వస్తోంది అనేది నాలుగోది. ఈ నాలుగూ నాలుగు వేరే వేరే జబ్బులు అండి, మనం అన్నిటికీ ఒకే పేరు పెట్టి ఒకే మాత్ర ఇస్తున్నాం, తేడా అక్కడొస్తోంది.

అసలు లాగిన్ అంటే ఏంటి, ఫామ్ వెళ్తుంది, సర్వర్ యూజర్‌ని వెతుకుతుంది, పాస్‌వర్డ్ హ్యాష్ (వెనక్కి తిప్పలేని గజిబిజి రూపం) సరిచూస్తుంది, సెషన్ (ఈయన లోపలికి వచ్చాడు అనే నమోదు) రాస్తుంది, కుకీ (బ్రౌజర్ దాచుకుని ప్రతిసారీ చూపించే చిన్న చీటీ) ఇస్తుంది, ఇంకో పేజీకి పంపుతుంది, ఆ పేజీకి బ్రౌజర్ కుకీ తీసుకుని తిరిగొస్తే సర్వర్ "ఓ మీరేనా" అని గుర్తుపడుతుంది. పాస్‌వర్డ్ చూడటం ఇందులో ఒక్క మెట్టే. కానీ ఏ మెట్టు మీద జారినా యూజర్ దృష్టిలో లాగిన్ అవ్వలేదు, అంతే.

మళ్ళీ లాగిన్ పేజీయే వస్తోంది అన్నారనుకోండి, నేను పాస్‌వర్డ్ వైపు చూడనే చూడను. అది తప్పైతే తప్పని చెప్పేది కదా. చాలాసార్లు ఏమై ఉంటుందంటే పాస్‌వర్డ్ కరెక్టే, సెషన్ కూడా పుట్టింది, కుకీ మాత్రం తిరిగి రాలేదు. ఎందుకు రాలేదు అనేది బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూస్తే తెలుస్తుంది, అక్కడ ప్రిజర్వ్ లాగ్ అని ఒక టిక్ ఉంటుంది, అది పెట్టకపోతే పేజీ మారగానే అంతా తుడిచేస్తుంది, మనం ఖాళీ ట్యాబ్ చూస్తూ కూర్చుంటాం. సెట్ కుకీ హెడర్, హెడర్ అంటే పేజీతోపాటు కనపడకుండా వెళ్ళే సమాచారం, అది వచ్చిందా, తర్వాతి రిక్వెస్ట్‌లో కుకీ వెళ్ళిందా, ఈ రెండు చూస్తే సగం కేసు తేలిపోయినట్టే.

రాలేదంటే మామూలు అనుమానితులు కొందరున్నారు. మొదటివాడు సెక్యూర్ అనే గుర్తు. ఆ గుర్తున్న కుకీ హెచ్‌టీటీపీఎస్ మీదే వెళ్తుంది. ముందు ఎన్జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఉంటుంది, హెచ్‌టీటీపీఎస్ అక్కడే విప్పేసి లోపల మన అప్లికేషన్‌కి మామూలు హెచ్‌టీటీపీలో ఇస్తుంది, అప్లికేషన్ ఏమో "ఇది హెచ్‌టీటీపీయే కదా" అనుకుని సెక్యూర్ కుకీ ఇవ్వడమే మానేస్తుంది, లేకపోతే హెచ్‌టీటీపీఎస్‌కి వెళ్ళు వెళ్ళు అని పంపుతూనే ఉంటుంది, బ్రౌజర్ తిరిగి తిరిగి అలిసిపోయి రీడైరెక్టులు ఎక్కువైపోయాయి అని చేతులెత్తేస్తుంది. యూజర్ వచ్చింది హెచ్‌టీటీపీఎస్‌లోనే అని చెప్పే ఎక్స్ ఫార్వర్డెడ్ ప్రోటో అనే హెడర్ ఎన్జిన్‌ఎక్స్ పంపాలి, అప్లికేషన్ దాన్ని నమ్మాలి, రెండూ కావాలి. చాలామంది మొదటిది చేసి రెండోది మర్చిపోతారు.

రెండోవాడు, డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ. లాగిన్ అయ్యేది డబ్ల్యూలతో ఉన్న అడ్రస్‌లో, తర్వాత పంపేది డబ్ల్యూలు లేని అడ్రస్‌కి. కుకీ మాత్రం ఇచ్చిన చోటికే చెల్లుతుంది, డొమైన్ అని విడిగా రాస్తే తప్ప.

మూడోవాడు కొంచెం పెద్ద మనిషి, సేమ్‌సైట్, అంటే వేరే సైట్ నుంచి వచ్చేటప్పుడు కుకీని పంపాలా వద్దా అని చెప్పే గుర్తు. 2020 ఫిబ్రవరిలో క్రోమ్ 80 నుంచి ఒక మార్పు మొదలుపెట్టారు, కుకీ మీద సేమ్‌సైట్ ఏమీ రాయకపోతే దాన్ని లాక్స్‌గా చూస్తాం అని, అంటే వేరే సైట్ నుంచి మామూలు లింకుతో వస్తేనే కుకీ పంపుతాం అని. అదే ఏడాది ఏప్రిల్‌లో కోవిడ్ టైమ్‌లో ముఖ్యమైన సైట్లు పడిపోకూడదని కొన్నాళ్ళు వెనక్కి తీసుకుని మళ్ళీ జులైలో మొదలుపెట్టారు. దీనివల్ల ఏమైందంటే వేరే సైట్‌లో లాగిన్ చేసి మన సైట్‌కి పోస్ట్ పద్ధతిలో, అంటే ఫామ్ పంపినట్టు, తిరిగొచ్చే ఏర్పాటు ఉందనుకోండి, ఒకే లాగిన్‌తో చాలా సైట్లు వాడే సింగిల్ సైన్ ఆన్‌లో ఉంటుంది ఇది, తిరిగొచ్చేటప్పుడు మన కుకీ రాదు, మన సర్వర్ "నువ్వెవరు, నేను నిన్ను పంపిన గుర్తే లేదే" అంటుంది. ఇందులో తమాషా ఏంటంటే అప్పటికి చాలా సైట్లు పాడవకుండా క్రోమ్ వాళ్ళు ఒక చిన్న సందు వదిలారు, సేమ్‌సైట్ రాయని కుకీ పుట్టి 2 నిమిషాలు దాటకపోతే పోస్ట్‌కి కూడా పంపుతాం అని. అంటే మనం టెస్ట్ చేస్తే గబగబా టైప్ చేస్తాం, పనిచేస్తుంది. యూజర్ ఓటీపీ కోసం ఎదురుచూసి, ఫోన్ వెతుక్కుని, మూడు నిమిషాలకి వస్తే పనిచేయదు. "ఒక్కోసారి అవుతుంది ఒక్కోసారి అవ్వదు" అంటే మనం వాళ్ళని పిచ్చోళ్ళని చూసినట్టు చూస్తాం, పాపం వాళ్ళు నిజమే చెప్తున్నారు. ఇలాంటిచోట సేమ్‌సైట్ నన్ అని, దానితోపాటు సెక్యూర్ అని రెండూ రాయాలి, సెక్యూర్ లేకుండా నన్ రాస్తే కుకీని అసలు తీసుకోరు.

ఇప్పుడు నా సొంత గోల ఒకటి చెప్తా. ఎక్కడ అనేది వద్దు. ఒకరోజు పొద్దున్నే ఫోన్లు, ఎవరికీ లాగిన్ అవ్వట్లేదు, పాస్‌వర్డ్ తప్పు అనట్లేదు, మళ్ళీ అదే పేజీ. నేను తెలివైనవాణ్ణి కదా, కుకీయే అని తేల్చేశా. ముందురోజు ఎవరో ఎన్జిన్‌ఎక్స్ ఫైల్ ముట్టుకున్నారు, ఇంకేం, దాన్ని వెనక్కి తిప్పించా. ఏం మారలేదు. కుకీ చూస్తే వస్తోంది, వెళ్తోంది, సుబ్బరంగా ఉంది. ఇంకా విచిత్రం, ముందురోజు నుంచి లాగిన్ అయి ఉన్నవాళ్ళకి సైట్ పనిచేస్తోంది, కొత్తగా వచ్చేవాళ్ళకే అవ్వట్లేదు. సర్వర్ తను చేసిన పనులన్నీ రాసుకునే ఫైల్ ఉంటుంది కదా, ఆ లాగ్ తెరిచా. లాగ్‌లో తప్పు అనేదే లేదు. అసలు తెల్లవారుజామున 4 గంటల తర్వాత ఒక్క లైన్ కూడా లేదు. నేను దాన్ని చూసి ఏమనుకున్నానో తెలుసా, "ఎర్రర్లు ఏం లేవు, సర్వర్ బానే ఉంది" అనుకున్నా. (నవ్వులు) లాగ్ ఖాళీగా ఉంటే రోగం లేనట్టు కాదు, నాడి ఆగిపోయినట్టు. ఇంత ట్రాఫిక్ ఉన్న సైట్ నాలుగు గంటలు నోరు మూసుకుని ఎందుకుంటుంది అన్న ఆలోచన రావడానికి నాకు ముప్పావుగంట పట్టింది.

డిస్క్ నిండిపోయిందండి. వారం కింద ఇంకేదో సమస్య కోసం డీబగ్ లాగ్ ఆన్ చేశాం, పట్టుకున్నాం, సంబరపడ్డాం, ఆఫ్ చేయడం మర్చిపోయాం. అది వారం రోజులు రాసి రాసి డిస్క్ నింపేసింది. సెషన్లు అదే డిస్క్ మీద ఫైళ్ళలో ఉన్నాయి. పాస్‌వర్డ్ కరెక్టే, సెషన్ ఫైల్ కూడా పుడుతోంది, సున్నా బైట్లతో పుడుతోంది, లోపల రాయడానికి జాగా లేదు. తర్వాతి పేజీ ఆ ఖాళీ ఫైల్ తెరిచి, ఇందులో ఎవరూ లేరే అని లాగిన్‌కి పంపిస్తోంది. పాత సెషన్ల ఫైళ్ళకి జాగా ముందే ఉంది గనక వాటి మీదే తిరగరాసుకుంటూ వాళ్ళు బతికిపోయారు. "డిస్క్ నిండింది" అని లాగ్‌లో రాద్దామంటే లాగ్‌కి కూడా అదే డిస్క్. ఇంకో దెబ్బ, మధ్యలో నాకు డిస్క్ అనుమానం ఒకసారి వచ్చింది, రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా, వెళ్ళి చిన్న ఫైల్ రాసి చూశా, రాసింది, అనుమానం తీసేశా. ఈఎక్స్‌టీ4 అనే లినక్స్ ఫైల్ సిస్టమ్‌లో డిఫాల్ట్‌గా 5 శాతం జాగా రూట్ కోసం విడిగా పెడతారు, అందుకని నాకు రాసింది, వెబ్ సర్వర్ యూజర్‌కి రాయట్లేదు. డిస్క్ ఎంత నిండిందో చూపించే డీఎఫ్ మైనస్ హెచ్ కొట్టి ఉంటే పది సెకన్ల పని.

అక్కడితో అయిపోలేదు. కోపంతో ఆ పెద్ద లాగ్ ఫైల్‌ని ఆర్‌ఎమ్ కొట్టి తీసేశా. డీఎఫ్ మళ్ళీ చూస్తే అదే 100 శాతం. ఎందుకంటే ఆ ఫైల్‌ని ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకునే ఉంది, పేరు పోయింది గానీ జాగా పోలేదు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ ఎల్ 1 అని కొడితే ఇలాంటి పేరు లేని ఫైళ్ళు బయటపడతాయి. ప్రాసెస్‌ని రీస్టార్ట్ చేస్తే గానీ వదల్లేదు. తీసేయకుండా ట్రంకేట్‌తో సున్నా చేసి ఉంటే సరిపోయేది. పాత లాగ్ ఫైళ్ళని పక్కకి తీసే లాగ్‌రొటేట్ పెట్టినవాళ్ళకి కూడా ఇదే జరుగుతుంది, ఫైల్ పేరు మార్చేసి ఎన్జిన్‌ఎక్స్‌కి యూఎస్‌ఆర్1 సిగ్నల్ పంపకపోతే అది పాత ఫైల్‌లోనే రాస్తూ కూర్చుంటుంది, కొత్త ఫైల్ ఖాళీగా ఉంటుంది, మనం కొత్త ఫైల్ చూసి అంతా ప్రశాంతం అనుకుంటాం. డీఎఫ్ మైనస్ ఐ కూడా చూడండి, జాగా ఉన్నా ఐనోడ్లు (ఫైల్‌కి ఒకటి చొప్పున పట్టే నమోదులు) అయిపోతే అదే కథ, లక్షల చిన్న సెషన్ ఫైళ్ళు ఉన్నచోట ఇది బాగా అవుతుంది.

ఆరోజు నుంచే నాకు లాగ్ మీద గౌరవం, భయం రెండూ వచ్చాయి. ఏం రాయాలి ఎంత రాయాలి అనేది అప్పుడు కూర్చుని ఆలోచించాం.

మనలో చాలామంది యాక్సెస్ లాగ్ ఒక్కటే చూస్తాం. ఎన్జిన్‌ఎక్స్ రాసేది అది. దాంట్లో లాగిన్ పేజీకి పోస్ట్ వచ్చింది, 200 ఇచ్చాం అని ఉంటుంది. 200 అంటే ఓకే కదా అనుకుంటాం. కాదు! పాస్‌వర్డ్ తప్పైతే అదే ఫామ్‌ని ఎర్ర అక్షరాలతో మళ్ళీ చూపిస్తారు, దానికి కూడా 200 ఇచ్చే అప్లికేషన్లు బోలెడు. అక్కడ సక్సెస్ అంటే 302, ఇంకో పేజీకి పంపడం. అంటే మన సైట్‌లో ఏ నెంబర్ గెలుపు, ఏ నెంబర్ ఓటమి అనేది ముందు మనం ఒకసారి తప్పు పాస్‌వర్డ్ కొట్టి, ఒకసారి కరెక్ట్ కొట్టి చూసుకోవాలి. 401కీ 403కీ తేడా కూడా చాలామంది కలిపేస్తారు, 401 అంటే నువ్వెవరో నాకు తెలీదు, 403 అంటే నువ్వెవరో తెలుసు గానీ, తెలిసినా కూడా, నిన్ను రానివ్వను. 403 వస్తే పాస్‌వర్డ్ రీసెట్ చేయించడం వల్ల ఉపయోగం లేదు, అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టే.

లాగిన్ దగ్గర మాత్రమే 502, అంటే వెనకాల అప్లికేషన్ నుంచి సరైన జవాబు రాలేదు అని, వస్తోంది, మిగతా పేజీలు బానే ఉన్నాయి అంటే ఒకటి గుర్తుపెట్టుకోండి, ఎర్రర్ లాగ్‌లో "అప్‌స్ట్రీమ్ సెంట్ టూ బిగ్ హెడర్" అని ఉందేమో చూడండి. లాగిన్ అయినప్పుడు యూజర్ ఎవరు, ఏమేం చేయొచ్చు అని రాసున్న పెద్ద టోకెన్ కుకీలో పెట్టి పంపుతాం, ఎన్జిన్‌ఎక్స్ ఆ హెడర్ కోసం ఉంచుకునే బఫర్ మామూలుగా 4 కేబీ లేదా 8 కేబీ, అందులో పట్టదు, 502. అడ్మిన్లకి ఎక్కువ పర్మిషన్లు ఉంటాయి గనక వాళ్ళ టోకెన్ పెద్దది, వాళ్ళకే అవ్వదు, మామూలు యూజర్లకి అవుతుంది. చూడండి ఎంత అన్యాయమో. ప్రాక్సీ బఫర్ సైజ్ పెంచితే పని జరుగుతుంది, కుకీలో అంత సామాను ఎందుకు పెట్టాం అనేది తర్వాత తీరిగ్గా సిగ్గుపడొచ్చు.

కాబట్టి యాక్సెస్ లాగ్ చాలదు, అప్లికేషన్ తన లాగ్ తను రాయాలి. నేను పట్టుబట్టి చెప్పేది ఇదొక్కటే, తెరమీద తక్కువ చెప్పండి, లాగ్‌లో ఎక్కువ చెప్పండి. తెరమీద "యూజర్‌నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు" అని కలిపే అనాలి, ఎందుకంటే "ఈ యూజర్ లేడు" అని విడిగా చెప్తే బయటివాడు లక్ష ఈమెయిళ్ళు పెట్టి ఎవరెవరికి అకౌంట్ ఉందో లిస్ట్ రాసుకుంటాడు. బానే ఉంది. కానీ ఆ ముక్కనే కాపీ కొట్టి లాగ్‌లో కూడా "ఇన్‌వాలిడ్ యూజర్‌నేమ్ ఆర్ పాస్‌వర్డ్" అని రాసుకుంటారు మనవాళ్ళు! దొంగని మోసం చేయడానికి పెట్టిన మాటతో మనల్ని మనమే మోసం చేసుకోవడం అన్నమాట. లాగ్‌లో అసలు కారణం ఉండాలి, యూజర్ లేడు, హ్యాష్ కలవలేదు, అకౌంట్ లాక్‌లో ఉంది, ఈమెయిల్ వెరిఫై అవ్వలేదు, ఫామ్ టోకెన్ కాలం చెల్లింది, డేటాబేస్ పలకలేదు. ఈ చివరిది మరీ ముఖ్యం, డేటాబేస్ పడిపోతే వచ్చే ఎర్రర్‌ని పట్టేసి ఫాల్స్ అని తిప్పి పంపే కోడ్ నేను ఎన్ని చూశానో, యూజర్‌కి పాస్‌వర్డ్ తప్పు అని కనపడుతుంది, పాపం రీసెట్ చేసుకుంటాడు, అదీ అవ్వదు.

దాంతోపాటు టైమ్, ఐపీ, యూజర్ నెంబర్, రిక్వెస్ట్ ఐడీ. రిక్వెస్ట్ ఐడీ అంటే ఎన్జిన్‌ఎక్స్ ప్రతి రిక్వెస్ట్‌కి తయారుచేసి ఇచ్చే ఒక పొడుగు నెంబర్, 1.11.0 వెర్షన్ నుంచి ఉంది. దాన్ని యాక్సెస్ లాగ్‌లో రాయించి, హెడర్‌లో అప్లికేషన్‌కి పంపి అక్కడా రాయించి, ఎర్రర్ పేజీలో కింద చిన్న అక్షరాలతో యూజర్‌కి కూడా చూపిస్తే, "లాగిన్ అవ్వట్లేదు" అనే మెసేజ్‌తో పాటు ఆ నెంబర్ ఫోటో వస్తుంది. గ్రెప్ అనే వెతికే కమాండ్ ఒక్కటి కొడితే మొత్తం కథ వరసగా వచ్చేస్తుంది. అది లేకపోతే రెండు ఫైళ్ళు పక్కపక్కన పెట్టుకుని టైమ్ చూసి జత కలపడం, దాంట్లో ఒకటి యూటీసీ, ఇంకోటి లోకల్ టైమ్, కొండని తవ్వి ఎలకని పట్టడమే. దయచేసి అన్నీ యూటీసీలో పెట్టేయండి.

ఇంక లాగ్‌లో రాయకూడనిది, పాస్‌వర్డ్. "మేమెందుకు రాస్తాం" అంటారు. 2018 మేలో ట్విట్టర్ వాళ్ళే బయటికి చెప్పారు, హ్యాష్ చేయకముందే పాస్‌వర్డ్‌లు ఒక ఇంటర్నల్ లాగ్‌లో పడుతున్నాయి అని, తమ 33 కోట్ల మంది యూజర్లనీ పాస్‌వర్డ్ మార్చుకోమని అడిగారు. 2019 మార్చిలో ఫేస్‌బుక్ కూడా కోట్ల పాస్‌వర్డ్‌లు చదవగలిగే రూపంలో లోపల దాచి ఉన్నాయని ఒప్పుకుంది, దానికి 2024లో ఐర్లండ్ డేటా రక్షణ కమిషన్ మెటాకి 9.1 కోట్ల యూరోల జరిమానా వేసింది. వాళ్ళ దగ్గర ఇంజనీర్లు లేకనా? ఎవరో సమస్య వెతుకుతూ వచ్చిన రిక్వెస్ట్ మొత్తాన్ని లాగ్‌లోకి తోసేసే లైన్ ఒకటి పెడతారు, అంతే. నేను డీబగ్ ఆన్ చేసి మర్చిపోయినట్టే.

ఇంకో దారి ఉంది, అది ఎవరికీ తట్టదు. యూజర్లు కంగారులో పాస్‌వర్డ్‌ని యూజర్‌నేమ్ డబ్బాలో కొట్టేస్తారు. మనం "ఈ పేరుతో యూజర్ లేడు" అని ఆ పేరు నిజాయితీగా లాగ్‌లో రాస్తాం. తర్వాతి లైన్‌లో అదే ఐపీ నుంచి కరెక్ట్ పేరుతో లాగిన్ సక్సెస్. రెండు లైన్లు కలిపి చదివితే అకౌంట్ తాళంచెవి చేతిలో పెట్టినట్టే. అందుకని దొరకని పేర్లని అలాగే రాయకండి, హ్యాష్ చేసి రాయండి, అప్పుడు ఒకే పేరు పదేపదే వస్తోందా అనేది తెలుస్తుంది, పేరు తెలీదు. అలాగే పాస్‌వర్డ్ రీసెట్ లింకులో టోకెన్ ఉంటుంది కదా, అది అడ్రస్‌లోనే ఉంటుంది గనక యాక్సెస్ లాగ్‌లో పడుతుంది, ఒక్కసారి వాడగానే చచ్చిపోయేలా పెట్టండి.

డబ్బాలో టైప్ చేసింది యథాతథంగా రాస్తే ఇంకో ప్రమాదం. పేరు మధ్యలో ఎంటర్ అక్షరం పెట్టి పంపితే లాగ్‌లో కొత్త లైన్ పుడుతుంది, "అడ్మిన్ లాగిన్ సక్సెస్" అని వాడే దొంగ లైన్ రాసేసుకుంటాడు. 2021 డిసెంబర్‌లో లాగ్4జే అనే జావా లాగ్ లైబ్రరీ గొడవ గుర్తుందా, వారాంతాలన్నీ పోయాయి మాకు, అది కూడా ఇదే జాతి, లాగ్ చేయించే ఒక మాటలో ప్రత్యేకమైన అక్షరాల వరస పెడితే లాగ్ రాసే లైబ్రరీ వెళ్ళి బయటి కోడ్ తెచ్చి నడిపేసేది. లాగిన్ డబ్బాలో టైప్ చేస్తే చాలు, లాగిన్ అవ్వాల్సిన పని కూడా లేదు.

పాస్‌వర్డ్ నిజంగానే కరెక్ట్ కొడుతున్నా తప్పు అంటోంది అనే కేసులు, ఇవి గబగబా చెప్పేస్తా. బీక్రిప్ట్ అనే పద్ధతిలో చేసిన హ్యాష్ 60 అక్షరాలు, డేటాబేస్‌లో కాలమ్ 50 పెట్టి, స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే చప్పుడు లేకుండా కోసేస్తుంది, ఇంక ఆ హ్యాష్ జన్మలో కలవదు. బీక్రిప్ట్ 72 బైట్ల దాకానే చూస్తుంది, తెలుగులో పాస్‌వర్డ్ పెట్టుకుంటే ఒక్కో అక్షరానికి 3 బైట్లు, గుణింతం గుర్తుకి ఇంకో 3, చూసుకోండి. ఫోన్ కీబోర్డ్ మొదటి అక్షరం పెద్దది చేస్తుంది, చివర్లో స్పేస్ పెడుతుంది, ఈమెయిల్ డబ్బాలో ఆ స్పేస్ తీసేయండి, పాస్‌వర్డ్‌లో మాత్రం ముట్టుకోకండి. అపాచీ వెబ్ సర్వర్‌లో ఆథరైజేషన్ హెడర్ సీజీఐ వైపు, అంటే అది నడిపే స్క్రిప్ట్‌కి, దానంతటది వెళ్ళదు, సీజీఐపాస్‌ఆథ్ ఆన్ చేయాలి, ఏపీఐ టోకెన్ పంపుతున్నా 401 వస్తోంది అని జుట్టు పీక్కునేవాళ్ళు అది చూడండి.

లోపలికి వెళ్ళాక తోసేయడం అన్నా కదా. పీహెచ్‌పీలో సెషన్ గడువు డిఫాల్ట్ 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు, పెద్ద ఫామ్ నింపుకుంటూ కూర్చున్నవాళ్ళు సబ్మిట్ కొడితే లాగిన్ పేజీ వస్తుంది, రాసిందంతా గోవిందా. రెండు సర్వర్లు పెట్టి సెషన్ ఒకదాని డిస్క్ మీదే ఉంచితే ఒక క్లిక్కుకి లోపల, ఒక క్లిక్కుకి బయట, రెడిస్ లాంటి ఉమ్మడి చోటు కావాలి. టైమ్ కూడా చూడండి, టోకెన్ ఇచ్చిన సర్వర్ గడియారం రెండు నిమిషాలు ముందుంటే, చూసే సర్వర్ "ఇది ఇంకా పుట్టని టోకెన్" అని తిప్పి పంపేస్తుంది. ఆథెంటికేటర్ యాప్ కోడ్ 30 సెకన్లకి మారుతుంది, అదంతా గడియారాల లెక్కే, సర్వర్ గడియారం జారితే అందరి కోడ్లూ ఒకేసారి తప్పవుతాయి. గడియారాన్ని సరిచేస్తూ ఉండే క్రోనీ నడుస్తోందో లేదో ఒకసారి చూడండి.

అవునూ, తప్పు లాగిన్లు ఎక్కువైతే ఆ ఐపీని ఆపేసే ఫెయిల్2బ్యాన్ వాడేవాళ్ళు చేతులెత్తండి. మీ ముందు సీడీఎన్ (పేజీల కాపీలు దాచుకుని పంచే సర్వర్లు) గానీ లోడ్ బ్యాలెన్సర్ (వచ్చేవాళ్ళని సర్వర్లకి పంచేది) గానీ ఉందా? ఉంటే లాగ్‌లో పడే ఐపీ యూజర్‌దా, ఆ ముందున్నదానిదా? ముందున్నదానిదైతే ఎవడో ఒకడు ఐదుసార్లు తప్పు కొడితే లోడ్ బ్యాలెన్సర్‌నే బ్లాక్ చేస్తుంది, అంటే ఊరందరినీ. రియల్ ఐపీ సెట్టింగ్ పెట్టండి, కానీ ఎక్స్ ఫార్వర్డెడ్ ఫర్‌ని ఎవరు పంపినా నమ్మేయకండి, అది ఎవడైనా రాసుకోవచ్చు, మన లోడ్ బ్యాలెన్సర్ నుంచి వచ్చిందే నమ్మాలి.

టైమ్ అయిపోతోంది అంటున్నారు, ప్రశ్నలు తీసుకుందాం. ఆ చెప్పమ్మా.

(ప్రశ్న: అన్నా, ఒక్క యూజర్‌కే అవ్వట్లేదు, మా లాగ్‌లో అతని రిక్వెస్టే కనపడట్లేదు. ఏం చేయాలి?)

లాగ్‌లో లేదంటే మన దాకా రాలేదమ్మా, లేకపోతే మనం వేరే సర్వర్ లాగ్ చూస్తున్నాం, ముందు అది తేల్చుకో. ప్రైవేట్ విండోలో ఒకసారి ప్రయత్నించమను, అందులో అయితే పాత కుకీయో ఎక్స్‌టెన్షనో అడ్డు. అప్పటికీ తేలకపోతే హార్ ఫైల్, అంటే ఆ నెట్‌వర్క్ ట్యాబ్ మొత్తం దాచిన ఫైల్, అడుగుతాం కదా, జాగ్రత్త, అందులో కుకీలు కూడా ఉంటాయి, ఆ ఫైల్ ఎవరి చేతిలో పడితే వాళ్ళు ఆ యూజర్‌గా లోపలికి వెళ్ళొచ్చు. 2023లో లాగిన్ సేవలిచ్చే ఆక్టా కంపెనీ సపోర్ట్ సిస్టమ్‌లో దొంగలు పడి కస్టమర్లు పంపిన హార్ ఫైళ్ళలోంచే సెషన్ టోకెన్లు ఎత్తుకున్నారు. కుకీలు తీసేసి పంపమను, పంపాక లాగౌట్ అవ్వమను.

(ప్రశ్న: లాగ్‌లు ఎన్ని రోజులు ఉంచాలి సార్?)

డెబియన్ లినక్స్‌లో అపాచీకి డిఫాల్ట్ రోజుకో ఫైల్ చొప్పున 14. దొంగలు పడ్డ ఆరునెలలకి కుక్కలు మొరిగాయన్నట్టు, చొరబాటు సంగతి చాలాసార్లు నెలల తర్వాత తెలుస్తుంది, అప్పటికి 14 రోజుల లాగ్ దేనికి పనికొస్తుంది? నేనైతే లాగిన్ సంఘటనలు విడిగా చిన్న ఫైల్‌లో పెట్టి ఏడాది ఉంచుతా, అది కూడా వేరే మెషీన్‌కి పంపి, ఎందుకంటే లోపలికి వచ్చినవాడు మొదట తుడిచేది లాగే. మిగతా యాక్సెస్ లాగ్ కొద్ది వారాలు చాలు. మీకు వర్తించే చట్టం ఏమంటుందో అది మాత్రం మీ లాయర్‌ని అడగండి, నన్ను కాదు.

ఆఖరిది. ఆ బాబు, చాలాసేపటి నుంచి చెయ్యెత్తావు.

(ప్రశ్న: అన్నా, మా దగ్గర రివర్స్, లాగిన్ అయితే వేరేవాళ్ళ అకౌంట్ కనపడుతోంది.)

(నవ్వులు) నవ్వకండి, ఇది ఇవాళ్టి కేసులన్నిటికంటే పెద్దది. దాదాపు ఎప్పుడూ క్యాషే వల్లే ఇది, అంటే ఒకళ్ళ పేజీ కాపీ దాచుకుని ఇంకొకళ్ళకి ఇచ్చేయడం. 2015 డిసెంబర్ 25న గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో ఇదే అయింది, దాడిని తట్టుకోవడానికి మార్చిన క్యాషింగ్ సెట్టింగ్ తప్పడంతో ఒకళ్ళ అకౌంట్ పేజీలు ఇంకొకళ్ళకి వెళ్ళాయి, సుమారు 34 వేల మందివి. నువ్వు ఇప్పుడు కారణం వెతుకుతూ కూర్చోకు. ముందు సీడీఎన్‌లో క్యాషింగ్ ఆపెయ్, మొత్తం పర్జ్ కొట్టు, అంటే దాచుకున్న కాపీలన్నీ తుడిచెయ్. సెట్ కుకీ ఉన్న పేజీ ఏదైనా క్యాష్ అయిందంటే సెషన్లే చేతులు మారి ఉంటాయి, కాబట్టి అన్ని సెషన్లూ చంపేసి అందరినీ బయటికి పంపెయ్, తిట్టుకుంటారు, పర్లేదు. ఆ తర్వాత లాగిన్ అయినవాళ్ళకి ఇచ్చే ప్రతి పేజీకీ క్యాష్ కంట్రోల్ ప్రైవేట్, నో స్టోర్ వెళ్తోందో లేదో చూడు. యాక్సెస్ లాగ్‌లో వెతకడం దండగ, క్యాషే నుంచి వెళ్ళిన పేజీలు నీ సర్వర్ దాకా రానే రావు, సీడీఎన్ లాగ్ తెప్పించుకో. ఫోన్ ఉందా చేతిలో? అయితే హాల్ బయటికి వెళ్ళి ఇప్పుడే చెయ్, మేం ఆగుతాంలే.